వీఆర్వోలను తీసేసుడు తప్పా? జీపీఓలతో మళ్లా పాత రోజులేనా?

గట్టుమీది రైతు:
2020 సెప్టెంబరులో చట్టం తెచ్చి తెలంగాణలో వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) వ్యవస్థనే ఎత్తేసిన్రు. 2022లో వాళ్లను లాటరీ తీసి వేరే శాఖలకు పంపిన్రు. ఇప్పుడు గ్రామ పాలన అధికారులు (జీపీఓలు) అని పాత వీఆర్వోలు, వాళ్ల కింద పనిచేసిన వీఆర్ఏలనే మళ్లా తెచ్చిన్రు. మా నాయిన పోయినంక విరాసత్ (వారసుల పేరు మీదికి భూమి మార్పు) కోసం మూడేండ్లు తిరిగినం. సంతకానికో రేటు. తర్వాత వచ్చిన ధరణి ఆన్‌లైన్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ (రికార్డుల పేరు మార్పు) ఒక్కపారే అయినయ్, ఎవ్వరి కాళ్లు పట్టుకోలే. ఆ పెత్తనం మళ్లెందుకు?

నల్లరేగడి:
అన్నా, నీ బాధ నిజం. రికార్డు సాఫుగ ఉన్నోళ్లకు ధరణి మంచిగనే నడిచింది. తప్పు పడ్డోళ్ల సంగతేంది? మా పెద్దమ్మది రెండెకరాల పది గుంటలు, పాస్‌బుక్కుల ఎక్కింది ఎకరం పది గుంటలే. మీసేవలో టీఎం-33 (ధరణిల తప్పు దిద్దే దరఖాస్తు) పెట్టినం. మోక (పొలం) మీదికొచ్చి, చుట్టుపక్కల రైతుల్ని అడిగి రాసే మనిషే లేకపాయె. గిర్దావర్‌కు (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌కు) మండలమంతా తిరుగుడే. 1984లో పటేల్, పట్వారీలను రద్దు చేసినా ఆ కొలువు వేరే పేర్లతో తిరిగొచ్చింది, ఎందుకంటే పని ఊళ్లెనే ఉంది.

గట్టుమీది రైతు:
మనిషి కావాలె, ఒప్పుకుంట. లంచం సంగతి చెప్పు.

నల్లరేగడి:
పాత వీఆర్వో పహాణీ (ఏ భూమి ఎవరిది, ఏం పంట అని రాసే రికార్డు) తనే రాసేది, రిపోర్టు తనే ఇచ్చేది, ఫైలు ఎన్నొద్దులు ఆపినా అడిగేటోడు లేడు. జీపీఓ చూసి రిపోర్టు ఇస్తడు, ఆర్డరు తహసీల్దారుది. పంచనామా నకలు అక్కడికక్కడ రైతు చేతికి ఇచ్చేటట్టు చెయ్యాలె, అది నా మాట. 2020 ధరణి చట్టంలో అప్పీలే లేదు. దాని బదులు 2025లో తెచ్చిన భూభారతి చట్టంలో తహసీల్దారు ఆర్డరు మీద ఆర్డీఓకు పోవచ్చు. నాకు ఇదే పెద్ద తేడా.

పాత గిర్దావర్:
రెవెన్యూలో పనిచేసి దిగిపోయినవాణ్ని, ఒక మాట చెబుతాను. లంచం గురించే మాట్లాడుతున్నారు, పని రావడం గురించి ఎవరూ అడగడం లేదు. సేత్వార్ (సర్వే నంబర్ల విస్తీర్ణం ఉండే పాత మూల రికార్డు), 1954-55 ఖాస్రా పహాణీ, టీపన్ (పొలం కొలతల పటం) చదవడం రానివాడు పొలంలో నిలబడి ఏం తేలుస్తాడు? మా రోజుల్లో సీనియర్ల వెంట గొలుసు మోసి నేర్చుకున్నాం. ఇప్పుడు 10 వేల పైచిలుకు రెవెన్యూ గ్రామాలుంటే వచ్చింది సుమారు 5 వేల మంది. ఒక్కొక్కరికి రెండేసి ఊళ్లు పడతాయి. పరీక్ష రాయించి పంపితే చాలదు, ఒక్క పంట కాలమైనా సర్వేయర్ వెంట తిప్పాలి.

నల్లరేగడి గారూ, ముందు జిల్లా సర్వే ఆఫీసులో మీ పెద్దమ్మ గారి సర్వే నంబరుకు సేత్వార్ నకలు తీసుకోండి. విస్తీర్ణం అందులో ఉంటుంది. అది జతచేసి మళ్లీ దరఖాస్తు పెట్టండి.