బెంగళూరు జిల్లాలో ఉద్యోగాలు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో ఏ లెక్క చూసి తెలుసుకోవాలి?

ప్రశ్న: కె.ఆర్.పురం కడపవాడు

అందరికీ నమస్కారం. నేను పదకొండేళ్ళుగా బెంగళూరులో ఉంటున్నాను. మా తమ్ముడు 2024లో బీటెక్ పూర్తి చేసి, ఉద్యోగం వెతుక్కుంటానని ఇక్కడికి వచ్చాడు. మాది ఒక్క గది ఇల్లు కావడంతో మారతహళ్ళిలో ఒక పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) చేరి, పొద్దున కోర్సుకు వెళ్తూ, నాన్న పంపే డబ్బు చాలక సాయంత్రాలు మూడేసి గంటలు బండి మీద తిండి పార్సిళ్ళు అందిస్తున్నాడు. ఏడాది దాటిపోయింది. వాణ్ణి ఇంకో ఆరు నెలలు ఇక్కడ ఉంచాలా, ఊరికి పంపేయాలా అన్నది ఇప్పుడు ఇంట్లో రోజూ నడుస్తున్న చర్చ. "అక్కడ ఉద్యోగాలు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా, ఆ ఒక్క ముక్క కనుక్కొని చెప్పు" అని నాన్న అడిగితే, ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉంటూ కూడా నేను జవాబు చెప్పలేకపోయాను.

మా పెదనాన్నగారి అబ్బాయి అమెరికాలో, టెక్సాస్‌లోని కాలిన్ కౌంటీలో ఉంటాడు. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా లాంటిది. ఆ కౌంటీలో ఎంతమంది పనిచేస్తున్నారు, ఎంతమంది పని కోసం వెతుకుతున్నారు, నిరుద్యోగిత ఎంత శాతం అన్న లెక్క నెలనెలా వెలువడుతుందని, ఇల్లు కొనే ముందు రెండేళ్ళ అంకెలు వరసగా పెట్టుకుని చూశానని చెప్పాడు. ఆ ధైర్యంతో నేను బెంగళూరు నగర జిల్లా కోసం వెతికితే దొరికినవన్నీ దేశం మొత్తానికి సంబంధించినవే. అవి కూడా ఒకదానితో ఒకటి పొసగడం లేదు. 2023-24లో నిరుద్యోగిత 3.2 శాతమని ఒకచోట, 2025 ఏప్రిల్‌లో 5.1 శాతమని మరోచోట ఉంది. ఇంత తక్కువ కాలంలో అంత పెరిగిందా? జిల్లా లెక్క ఎక్కడ దొరుకుతుంది? దొరకకపోతే దేన్ని చూసి నిర్ణయం తీసుకోవాలి? తెలిసినవారు వివరంగా రాయగలరని మనవి.

జవాబు: గళ్ళ నోటుబుక్కు

సర్వేల కోసం ఇల్లిల్లూ తిరిగి ఈమధ్యే పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి, కొంచెం పొడుగ్గా రాస్తే ఓర్చుకోండి.

మీరు చూసిన రెండు అంకెలూ నిజమే, కానీ రెండింటినీ కొలిచిన గజాలు వేరు. 2017లో మొదలైన పీఎల్‌ఎఫ్‌ఎస్ అనే శ్రామిక శక్తి సర్వేలో ఒకే మనిషిని రెండు రకాలుగా అడుగుతారు. "గడచిన ఏడాదిలో మీరు ఎక్కువ కాలం ఏం చేశారు?" అన్నది సాధారణ స్థితి. "గడచిన ఏడు రోజుల్లో ఏం చేశారు?" అన్నది వారపు స్థితి. 3.2 శాతం మొదటి పద్ధతిలో వచ్చింది. అదే 2023-24లో, అదే సర్వేలో, వారపు స్థితి ప్రకారం నిరుద్యోగిత 4.9 శాతం. 2025లో సర్వే పద్ధతిని మార్చి నెలవారీ బులెటిన్ మొదలుపెట్టారు. అది వారపు స్థితినే చెబుతుంది కాబట్టి 5.1ని 4.9 పక్కన పెట్టాలి తప్ప 3.2 పక్కన పెట్టకూడదు. పద్ధతి మారింది కనుక ఆ పోలిక కూడా ఉజ్జాయింపే అనుకోండి.

ఇక మీ తమ్ముడి సంగతి. వాళ్ళ పీజీకి నాలాంటి సర్వే మనిషి వస్తే, ఆ అబ్బాయి నిరుద్యోగి కింద నమోదు కాడు. వారంలో ఏదో ఒక రోజు ఒక్క గంట సంపాదన కోసం పనిచేసినా వారపు స్థితిలో పనిచేస్తున్నవాడే. సాధారణ స్థితిలో చూసినా, ఏడాదిలో ఎక్కువ భాగం ఉద్యోగం వెతుకుతూనే ఉన్నా, అనుబంధంగా 30 రోజులకు తగ్గకుండా ఏ పని చేసి ఉన్నా అతను పనివాళ్ళ లెక్కలోకే వెళ్తాడు. ఊరికి వెళ్ళి నాన్నగారి కొట్లో జీతం లేకుండా కూర్చున్నా అంతే, ఇంటి వ్యాపారంలో సాయపడేవాడు అని రాసుకుంటాము. 2023-24లో దేశంలో పనిచేస్తున్నవారిలో 58.4 శాతం స్వయం ఉపాధివారు. ఆ అంకెలో ఇలాంటివారు కూడా ఉన్నారు. ఇది మన దేశపు గారడీ అనుకోకండి. అమెరికాలోనూ డబ్బుకు ఒక్క గంట పనిచేస్తే ఉద్యోగస్థుడే. తేడా ఏమిటంటే, ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా చేసే పనికి వాళ్ళు వారానికి 15 గంటలు ఉండాలంటారు.

కౌంటీ అంకె వాళ్ళకు ఎలా వస్తుందో కూడా చెప్పాలి. వాళ్ళు నెలనెలా సర్వే చేసేది దేశమంతటా కలిపి సుమారు 60 వేల కుటుంబాలను. మూడు వేలకు పైగా కౌంటీలకు అది ఏ మూలకూ చాలదు. కౌంటీ లెక్కకు అసలు ఆధారం నిరుద్యోగ బీమా. ఉద్యోగం పోయిన మనిషి భత్యం కోసం దరఖాస్తు పెడతాడు, ఆ దరఖాస్తులో అతని చిరునామా ఉంటుంది. దానికి మరికొన్ని వివరాలు కలిపి అంచనా కడతారు. అంటే అక్కడ ఉద్యోగం పోవడానికి ఒక కాగితం పుడుతుంది. మన దగ్గర ఆ కాగితమే పుట్టదు. ఈఎస్ఐలో (ఉద్యోగుల ప్రభుత్వ బీమాలో) అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అనే నిరుద్యోగ భత్యం ఒకటి ఉన్నా, అది ఈఎస్ఐ చందాదారులకే, అదీ 90 రోజుల వరకే. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకునేవారు ప్రభుత్వ ఉద్యోగం మీద ఆశతో రాయించుకుంటారు, ప్రైవేటు ఉద్యోగం దొరికాక వెళ్ళి కొట్టేయించుకున్నవాణ్ణి నా సర్వీసులో ఒక్కణ్ణీ చూడలేదు. (వాళ్ళ యంత్రాంగానికీ అడ్డంకులు లేకపోలేదు. 2025 అక్టోబరులో ప్రభుత్వ కార్యాలయాలు మూతపడినప్పుడు ఆ నెల కుటుంబాల సర్వేయే జరగలేదు.)

2025 నుంచి పీఎల్‌ఎఫ్‌ఎస్ నమూనాల ఎంపికలో జిల్లాను ప్రాథమిక ప్రాంతంగా తీసుకుంటున్నారు, అది మంచి మార్పే. అయినా నెలవారీ బులెటిన్ వచ్చేది దేశం మొత్తానికే. 2011 జనగణనలోనే 96 లక్షల జనం ఉన్న బెంగళూరు నగర జిల్లాకు నెలనెలా నమ్మదగిన శాతం చెప్పాలంటే ఇప్పుడు తిరిగే కుటుంబాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కుటుంబాలను తిరగాలి. కాబట్టి మీరు అడిగిన అంకె ఆ రూపంలో దొరకదు.

జవాబు: హోసూరు తెలుగువాడు

నోటుబుక్కు గారు చెప్పినదానికి ఒక మాట చేర్చాలనిపించింది. జిల్లా అంకె దొరికినా అందులో నేను ఉండను. మా తాతల కాలం నుంచి హోసూరులో ఉంటున్నాము, అది తమిళనాడులోని కృష్ణగిరి జిల్లా. నేను సూపర్వైజరుగా పనిచేసేది బొమ్మసంద్రలోని ఒక మెషిన్ షాపులో, అది బెంగళూరు నగర జిల్లా. సర్వేవాళ్ళు మనిషిని నివాసం దగ్గర లెక్కపెడతారు కాబట్టి నా ఉద్యోగం కర్ణాటకలో ఉన్నా నేను తమిళనాడు లెక్కలోకి వెళ్తాను. నర్సాపుర ఫ్యాక్టరీలు కోలారు జిల్లాలో ఉన్నాయి, దేవనహళ్ళి ఫ్యాక్టరీలు మొన్నటిదాకా బెంగళూరు గ్రామీణ జిల్లా అన్న పేరుతో ఉన్నదాంట్లో ఉన్నాయి. 1986లో జిల్లాను నగరం, గ్రామీణం అని రెండుగా విడదీశారు, 2007లో రామనగరను వేరు చేశారు, 2025లో పేర్లు మళ్ళీ మార్చారు. కంపెనీ బస్సు మాత్రం ఈ సరిహద్దులేవీ చూడకుండా తెల్లవారుజామున అన్ని ఊళ్ళలోనూ ఆగుతుంది.

మా వైపు పరిస్థితిని నేను గేటు దగ్గర చూసి చెబుతాను. మా వీధిలో షెడ్ల గోడలకు "ఆపరేటర్ బేకాగిద్దారె, హెల్పర్ బేకాగిద్దారె" అని, అంటే కావలెను అని, కన్నడంలో అట్టలు వేలాడుతుంటాయి. హెల్పర్ అట్ట ఏడాది పొడవునా ఉంటుంది, దాన్ని చూసి మోసపోకూడదు. ఆ జీతానికి వచ్చినవాడు మూడు నెలల్లో వెళ్ళిపోతాడు కాబట్టి అట్టను దించే పని ఉండదు. సీఎన్‌సీ సెట్టర్ (కంప్యూటరుతో నడిచే యంత్రాన్ని పనికి సిద్ధం చేసేవాడు) కావాలని అట్ట పడితే మాత్రం ఆర్డర్లు వచ్చాయని అర్థం. అంతకంటే నమ్మకమైన గుర్తు ఓటీ, అంటే ఓవర్‌టైమ్. ఆర్డర్లు తగ్గినప్పుడు యజమాని ఎవరినీ వెంటనే తీసేయడు, ముందు ఓటీ ఆపుతాడు, తరువాత ఆదివారం షిఫ్టు ఆపుతాడు, ఆపైన కాంట్రాక్టరుకు ఫోన్ చేసి "వచ్చే వారం నలుగురు చాలు" అంటాడు. అక్కర్లేదన్న మిగతావాళ్ళు బిహారుకో ఒడిశాకో రైలెక్కి వెళ్ళిపోతారు. వాళ్ళ ఉద్యోగం పోయిన సంగతి ఏ జిల్లా పుస్తకంలోనూ పడదు.

జవాబు: బెళ్ళందూరు రిక్రూటర్

క్లుప్తంగా చెబుతాను. ఐటీ కోసం చూసే ఫ్రెషరుకు, అంటే అనుభవం లేని కొత్తవాడికి, జిల్లా నిరుద్యోగిత ఉన్నా ఉపయోగపడదు, ఎందుకంటే ఈ ఊళ్ళో రెండు బజార్లున్నాయి. టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడూ కలిపి 2023-24లో తమ సిబ్బంది దాదాపు 64 వేలు తగ్గినట్టు ప్రకటించాయి. అది దేశ విదేశాల్లోని సిబ్బంది అంతా కలిపిన లెక్క, బెంగళూరుది కాదు, కానీ ఫ్రెషర్లను వేలల్లో తీసుకునే ద్వారం అప్పుడు ఇరుకైంది. అదే కాలంలో విదేశీ కంపెనీల సొంత కేంద్రాలు, జీసీసీలంటారే, దేశంలో 1,700 దాటాయి, వాటిలో అన్నిటికంటే ఎక్కువ ఈ ఊళ్ళోనే ఉన్నాయి. నా దగ్గరకు వచ్చే జీసీసీ ఖాళీలలో అధికభాగం నాలుగేళ్ళ అనుభవం అడిగేవే. అందువల్ల "ఉద్యోగాలు బాగానే ఉన్నాయి" అనే అనుభవం ఉన్నవాడూ, "ఏమీ లేవు" అనే మీ తమ్ముడూ ఇద్దరూ నిజమే చెబుతుంటారు. పీఎఫ్ పేరోల్ లెక్కలు నెలనెలా వస్తాయి, రాష్ట్రాల వారీగా ఉంటాయి, చూడండి. కానీ కొత్తగా పీఎఫ్‌లో చేరిన ప్రతి పేరూ కొత్త ఉద్యోగం కాదు. పనివాళ్ళు 20 మందికి చేరిన సంస్థ పీఎఫ్ పరిధిలోకి రాగానే అందులోని పాత పనివాళ్ళు కూడా కొత్త సభ్యులుగా కనిపిస్తారు.

జవాబు: మారతహళ్ళి పీజీ అక్క

తమ్ముడూ, నేను నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ పీజీ పెట్టి తొమ్మిదేళ్ళయింది. నాకు శాతాలు తెలియవు, నా రిజిస్టరు సంగతి చెబుతాను. నలభై రెండు మంచాలు. ఎవరు ఏ తేదీన చేరారు, ఎప్పుడు ఖాళీ చేశారు, ఎందుకు చేశారు అని మూడు గళ్ళు గీసుకున్నాను. మూడో గడి మా ఆయన వద్దన్నాడు, "వాళ్ళ ఊసు మనకెందుకు" అని. ఇప్పుడు నాకు పనికొచ్చేది అదే. "ఉద్యోగం వచ్చింది, ఆఫీసు దగ్గరకు మారుతున్నాను" అని వెళ్ళినవాళ్ళు ఉంటారు, "ఊరికి వెళ్తున్నానక్కా" అని వెళ్ళినవాళ్ళు ఉంటారు. ఖాళీ మంచాలు లెక్కపెడితే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. 2020లో ఇల్లంతా ఖాళీ. 2022లో ముగ్గురి గదిలో నాలుగో మంచం వేయమని బతిమాలేవారు, కోర్సు పూర్తికాకముందే ఆఫర్ వచ్చేసేది. ఆ తరువాత వచ్చిన పిల్లలు ఎక్కువ కాలం ఉంటున్నారు. నాకు ఆదాయం తగ్గలేదు, అదే చిత్రం. ఉద్యోగం లేనివాడు కూడా అద్దె కడుతూనే ఉంటాడు, నాన్న పంపుతాడు, లేకపోతే మీ తమ్ముడిలా సాయంత్రం బండి తీస్తాడు. రాత్రి పదింటికి మా గేటు దగ్గర నిలబడితే డెలివరీ సంచులు భుజాన వేసుకుని వచ్చే వాళ్ళలో సగం మంది బీటెక్‌వాళ్ళే.

ఒక్కటే అడుగుతాను. మీ తమ్ముడికి ఈ మూడు నెలల్లో ఇంటర్వ్యూ కాల్స్ ఎన్ని వచ్చాయి? మొదటి రౌండు దాటి రెండో రౌండుకు ఎన్నిసార్లు వెళ్ళాడు? నేను చూసినంతలో, రెండో రౌండు దాకా వెళ్ళగలుగుతున్నవాడు ఇంకొంత కాలం ఉంటే గట్టెక్కుతాడు. కాల్సే రానివాడు ఇదే కోర్సు పట్టుకుని ఇంకో ఆరు నెలలు కూర్చున్నా లాభం ఉండదు.

కె.ఆర్.పురం కడపవాడు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న వాడితో కూర్చుని లెక్కవేశాను. మూడు నెలల్లో ఏడు కాల్స్ వచ్చాయి, రెండుసార్లు రెండో రౌండు దాటి చివరి రౌండు దాకా వెళ్ళాడు. కాబట్టి మార్చి దాకా ఉంచుదామని నాన్నకు చెప్పాను. మరో రెండు ప్రశ్నలు. కర్ణాటక యువనిధికి వాడు దరఖాస్తు చేయవచ్చా? ఒక కన్సల్టెన్సీవారు రెండు లక్షలు కడితే పేరున్న కంపెనీలో చేరుస్తామంటున్నారు, ఆఫర్ లెటరు వచ్చాకే సగం ఇమ్మంటున్నారు. దాన్ని ఎలా చూడాలి?

గళ్ళ నోటుబుక్కు

యువనిధి మీ తమ్ముడికి వర్తించదు. పట్టా పొందిన 180 రోజుల తరువాత కూడా ఉద్యోగం దొరకని డిగ్రీవారికి నెలకు 3,000, డిప్లొమావారికి 1,500 రూపాయల చొప్పున రెండేళ్ళ వరకు ఇస్తారు గాని, అది కర్ణాటక స్థానికులకు ఉద్దేశించింది. మీ ఇంట్లో కడప అబ్బాయికి కుదరదు. అయినా ఆ పథకం వల్ల ఒక మేలు జరిగింది. ఉద్యోగం లేదని ఒక యువకుడు స్వయంగా వచ్చి చెప్పుకోవడానికి ఈ రాష్ట్రంలో ఒక కాగితం పుట్టింది.

మారతహళ్ళి పీజీ అక్క

ఆ రెండు లక్షలు ఇవ్వకండి. మా రెండో అంతస్తులో ఉన్న ఒక అబ్బాయి అలాగే లక్షన్నర కట్టాడు. ఆఫర్ లెటరు నిజంగానే వచ్చింది, నాకు కూడా చూపించాడు, స్వీట్లు పంచాడు. నాలుగు నెలలు జీతం కూడా పడింది. ఐదో నెలలో కంపెనీవాళ్ళు పాత అనుభవం సర్టిఫికెట్లు పరిశీలిస్తే, కన్సల్టెన్సీవాళ్ళు ఇతనికి తెలియకుండానే రెండేళ్ళ దొంగ అనుభవం చూపించారని బయటపడి, మధ్యాహ్నానికల్లా ల్యాప్‌టాప్ తీసుకుని పంపేశారు. డబ్బు తీసుకున్నవాడి ఫోన్ ఆ రోజు నుంచి స్విచాఫ్. నా రిజిస్టరు మూడో గడిలో అతని పేరు పక్కన ఏమి రాయాలో తెలియక ఖాళీగా వదిలేశాను.