అప్‌డేట్: కపోయిరాలో చేరాను, ఎనిమిది నెలలైంది

ఉద్యోగం కోసం బ్రెజిల్‌లోని సాల్వడార్ వచ్చి, భాష రాక ఒంటరిగా ఉన్నాను, 36 ఏళ్లకి కపోయిరా (పాటలు, వాద్యాలతో ఆడే బ్రెజిల్ యుద్ధకళ) మొదలుపెట్టొచ్చా అని అడిగాను కదా, చేరాను. మొదటి రెండు నెలలూ జింగా ఒక్కటే, అంటే కాళ్లు మారుస్తూ ఊగుతూనే ఉండటం, ఈ ఆటకి ప్రాణం అదే. బెరింబావు అనే ఒంటితీగ వాద్యం మోగే తీరుని బట్టే ఆట నెమ్మదిస్తుంది, వేగమందుకుంటుంది. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు, వాళ్ల పిల్లలు బతికించుకున్న విద్య ఇది. 1890 శిక్షాస్మృతిలో దీన్ని నేరం చేస్తే, పోలీసులకి దొరక్కుండా మారుపేర్లు వాడేవారని మా గురువుగారు చెప్పారు. పోయిన నెల బాతిజాదోలో, అంటే కొత్తవాళ్లని చేర్చుకునే వేడుకలో, నాకూ ఒక పేరు పెట్టారు. అందరూ గుండ్రంగా నిలబడి పాడుతూ ఆ పేరుతో పిలిస్తే కళ్లలో నీళ్లొచ్చాయి. ఇది మా పూర్వీకుల విద్య కాదు, అందుకే ప్రతి పాటకీ అర్థం అడిగి తెలుసుకునే పాడుతున్నాను, పోర్చుగీసు కూడా అలాగే వస్తోంది. మోకాళ్లు జాగ్రత్త అని చెప్పిన అక్కకి థాంక్స్.