రంగులు కలిసే గీత దగ్గర తెల్ల సందు: స్క్రీన్ ప్రింటింగ్ తెలిసినవారు చెప్పండి

హనుమకొండ నుంచి:
పన్నెండేళ్లుగా శుభలేఖలు స్క్రీన్ మీద అచ్చువేస్తున్నాను. ఇప్పుడు సొంతంగా బొమ్మలు మొదలుపెట్టాను. వరంగల్ కొత్తవాడ జంపఖానాల్లోని మెట్లమెట్ల డైమండ్లే ఆధారం. పూలు, ఆకులు లేవు. ఎరుపు, నీలం, పసుపు చదును ఆకారాలు, అంతే. శుభలేఖలో వెంట్రుకవాసి తేడా వస్తే బంగారు గీత కింద దాగిపోతుంది. ఇక్కడ అంచే బొమ్మ, దాచే చోటు లేదు. నలభై కాగితాలు వేస్తే పదకొండే నిలిచాయి. మిగతావాటిలో ఎరుపుకూ నీలానికీ మధ్య ఒక చివర తెల్ల సందు, రెండో చివర ఊదా చార. ఏటవాలు గీతలకు రంపపు పళ్లు కూడా వస్తున్నాయి. నీళ్ల ఇంకు, 300 జీఎస్ఎం దళసరి కాగితం. ప్రతి కాగితాన్నీ గుర్తులకు ఆనించే పెట్టాను.

కరీంనగర్ నుంచి:
గుర్తులు సరిగ్గా ఉంటే తప్పు మీ చేతిది కాదు, కాగితం సాగింది. వానాకాలపు తేమకు నీళ్ల ఇంకు తోడైంది. కాగితం నారకు, అంటే పీచు పరుచుకున్న దిశకు, అడ్డంగానే ఎక్కువ సాగుతుంది కాబట్టి అన్నీ నార ఒకే వైపు ఉండేలా కోయించండి. కట్ట విప్పి, అచ్చువేసే గదిలోనే ఒక రోజు ఉంచండి. లేత రంగు ముందు వేసి, ముదురు రంగును అర మిల్లీమీటరు దానిమీదికి ఎక్కించండి. ముదురు రంగు చిక్కగా ఉండాలి, లేకపోతే ఊదా చార అంతటా వస్తుంది.

మంచిర్యాల డ్రాయింగ్ మాస్టారు:
రంపపు పళ్లు స్క్రీన్ బట్ట వల్ల వస్తాయి. గీత దారాలకు కొద్ది వాలులో నడిస్తే ప్రతి గడినీ మెట్టులా దాటుతుంది. ఫ్రేముకు బట్టను కాస్త ఏటవాలుగా బిగించండి, కాగితం వైపు ఎమల్షన్ (ఇంకు దిగకూడనిచోట బట్టను మూసే పూత) ఇంకోసారి వేయండి. ఇక సందు సంగతి: దాన్ని కావాలనే వదలవచ్చు. అమెరికన్ చిత్రకారుడు ఫ్రాంక్ స్టెల్లా 1959 నాటి నల్ల చిత్రాల్లో పట్టీల మధ్య ఉత్త కాన్వాసునే సన్నని గీతగా ఉంచాడు. ఆ గీతలే చిత్రానికి ఊపిరి.

హనుమకొండ నుంచి:
మాస్టారూ, సందు వదలడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. జంపఖానాలో రంగు మారేచోట రెండు పేక (అడ్డ) పోగులు ఒకదాన్నొకటి మెలివేసుకుంటాయి. నాకు ఆ మెలిక కావాలి. కాగితాలు రెండు రోజులు గదిలో ఉంచి, నిన్న ఆరు వేశాను. ఒక్కదానిలోనూ సందు లేదు, పళ్లూ చాలావరకు పోయాయి. కానీ నీలం ఎక్కినచోట సన్నని గట్టు నిలిచింది, గోటికి తగులుతోంది. ఎక్కుడును పావు మిల్లీమీటరుకు తగ్గించి ఆదివారం మళ్లీ వేస్తాను.