అప్‌డేట్: ఆయన మాట్లాడకపోతే నాకెందుకంత టెన్షన్? కారణం దొరికింది

మార్చిలో అడిగాను: పెళ్లయి ఎనిమిది నెలలు, మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి గంటసేపు మాట్లాడకపోతే చాలు, నా మీద కోపమొచ్చిందేమోనని ఏడుపొచ్చేస్తోంది, ఏం చేయను అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

మీలో కొందరు ఎక్కడికైనా తిరిగి రమ్మన్నారు, అరకు వెళ్లొచ్చాం. బాగుంది గానీ దారిలో కూడా అదే గొడవ. థైరాయిడ్ చూపించుకోమన్నారు, టెస్ట్ నార్మల్. అత్తగారికి దీంతో ఏ సంబంధమూ లేదు, ఆవిడని అనుమానించినందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. "మీ పుట్టింట్లో కోపాలు ఎలా ఉండేవి?" అని ఒకరు అడిగారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది.

కౌన్సెలర్ దగ్గర నాలుగు సిట్టింగులయ్యాయి. మొదటి రెండూ నాన్న గురించే! ఆయనకి కోపమొస్తే మూడు నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. కంచం పెడుతూ ఆయన ముఖం చూసి, ఇవాళ మాట్లాడతారా లేదా అని లెక్కలేసుకునేదాన్ని. మా ఆయన పెరిగిన ఇంట్లో మౌనమంటే అలసట, అంతే. తల్లిదండ్రులతో పిల్లల అనుబంధం గురించి జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ సైకియాట్రిస్ట్ చెప్పినదాన్ని 1987లో హజాన్, షేవర్ అనే సైకాలజిస్టులు పెద్దవాళ్ల ప్రేమకీ అన్వయించారని కౌన్సెలర్ చెప్పారు. అయితే చిన్నప్పుడు పడిన ఆ ముద్ర మారని తలరాతేమీ కాదన్నారు.

పనిచేసింది చాలా చిన్న విషయం. మా ఆయన గుమ్మంలోనే "అలిసిపోయా, అరగంట" అంటారు. నేను "కోపమా?" అని ఒక్కసారే అడుగుతాను. మొదటి వారం మళ్లీ అడగకుండా నోరు కట్టేసుకోవాల్సి వచ్చింది, ఇప్పుడు పర్లేదు.

నాన్నతో ఈ విషయం ఎత్తలేదు. అమ్మకి చెబితే, "ఆయనా వాళ్ల నాన్న దగ్గరే నేర్చుకున్నారే" అంది.