సాల్టీ అంటే రోషమా, ఉడుకుమోతుతనమా?

నిన్న మన గ్రూపులో ఒకరు ‘సాల్టీ’ అనే ఇంగ్లీషు మాటకి తెలుగు అడిగారు. ‘రోషం వచ్చినవాడు’ అని ఎక్కువమంది రాశారు. నాకు అది సరిపోదనిపించింది. ఎందుకో చెప్తాను.

ఈ మాట నేను మొదట విన్నది విజయవాడలో మా అక్క వాళ్ళింట్లో. పిల్లలిద్దరూ క్యారమ్స్ ఆడుతున్నారు. మేనకోడలు రెడ్ వేసి, ఫాలో కూడా వేసేసింది. మేనల్లుడు స్ట్రైకర్ పక్కన పడేసి, పౌడర్ ఎక్కువైందనీ లైటు కళ్ళలో పడుతోందనీ మొదలెట్టాడు. ‘వై సో సాల్టీ రా?’ అంది అది. వంటింట్లోంచి మా అమ్మ, ‘వాడు చిన్నప్పట్నుంచీ ఉడుకుమోతేగా’ అంది. అమ్మకి ఇంగ్లీషు రాదు. వాడి గొంతు విని అన్నదే గానీ, అంతకంటే దగ్గరి తెలుగు మాట నాకింతవరకూ దొరకలేదు.

ఓడిపోయినప్పుడో, తనకి రావలసింది ఇంకొకరికి పోయిందనుకున్నప్పుడో మనిషి లోపల మండుతూ, ఆ మంట పైకి సాకులుగా, పుల్లవిరుపు మాటలుగా బయటపెట్టడమే ఈ సాల్టీ. అమెరికా వాడుకలో ‘జంప్ సాల్టీ’ అంటే ఉన్నట్టుండి కోపం తెచ్చుకోవడం. అది 1938 నాటికే రాతలో ఉంది. అంతకుముందు ఈ మాట ఓడల మీద పనిచేసేవాళ్ళది. ఉప్పునీళ్ళలో నాని రాటుదేలినవాడు, మాట మోటు, మనిషి గట్టి. ‘సాల్టీ లాంగ్వేజ్’ అంటే ఇప్పటికీ బూతులు కలిసిన మోటు మాటే. కాబట్టి పాత నవలలో ముసలి నావికుణ్ణి సాల్టీ అంటే అతన్ని ఉడుకుమోతు చెయ్యకండి. కూర గురించి అంటే ఉప్పగా ఉందని, అంతే.

ఇక రోషం సంగతి. ఎవరెన్ని మాటలన్నా చలనం లేనివాణ్ణి మనం ‘ఉప్పూ కారం తినడం లేదా?’ అని అడుగుతాం. అంటే ఉప్పు తిన్నవాడికి అవమానం తగలాలి, తగిలితే లేచి నిలబడాలి. మన భాషలో ఉప్పు అభిమానం వైపు ఉంది. ఒకరి ఉప్పు తిన్నాక ద్రోహం చెయ్యకూడదనడంలోనూ అదే మర్యాద. సాల్టీలో ఆ గౌరవం లేదు. మా మేనల్లుణ్ణి ఎవరూ అవమానించలేదు, ఆటలో ఓడాడు. అందుకే ఇంగ్లీషు ఉప్పుని చూసి మన ఉప్పూకారాన్ని తెచ్చి పెడితే నింద కాస్తా మెచ్చుకోలు అవుతుంది.

ఉడుక్కోవడంలో ఇంకో సొగసుంది. ఉడికించేవాడు ఉంటేనే ఉడుక్కునేవాడు ఉంటాడు. అన్నం ఉడకడం, మనిషి ఉడుక్కోవడం ఒకే వేడి. తిండిపోతు, పొగరుబోతు వరసలో ఉడుకుమోతు కూడా మనిషి స్వభావానికి పేరైంది. సాల్టీ మాత్రం ఎక్కువగా ఆ పూటకి పట్టిన గుణం. అందుకని ‘హీ ఈజ్ సాల్టీ’ అంటే ‘ఉడుక్కుంటున్నాడు’ అనండి. ఎప్పుడూ అంతే అయితే ఉడుకుమోతు.

సాల్టీ, ఉడుకుమోతు రెండు మాటలూ చిన్న విషయాలకే చెల్లుతాయి. క్యారమ్స్, మార్కులు, పెళ్ళికి పిలవకపోవడం లాంటివాటికి సరే. ఉద్యోగం పోయి కుంగిపోయినవాణ్ణి సాల్టీ అంటే అది క్రూరత్వం. పెద్దవాళ్ళని అస్సలు అనకూడదు. ఎవరి మీద అన్నది చెప్పాలంటే ‘ఎట్’, ఏ సంగతికి అన్నది చెప్పాలంటే ‘అబౌట్’ వాడతారు.

తర్వాత చేర్చింది: కింద ఒక మిత్రులు ‘కుళ్ళుబోతు అనొచ్చు కదండీ’ అన్నారు. కుళ్ళు ఎదుటివాడి మేలు చూసి పుడుతుంది. ఆడకుండానే కుళ్ళుకోవచ్చు. ఉడుక్కోవాలంటే మాత్రం మనకి ఏదో ఒకటి తగలాలి. సాల్టీ ఈ రెండోదానికే దగ్గర అని నా నమ్మకం.

మాది గుంటూరు. పల్నాడు, బాపట్ల వైపు వాళ్ళు ఆటలో ఓడి గొణిగే పిల్లాణ్ణి ఇంకేమంటారో రాయండి. మీ ఇంట్లో అమ్మమ్మలు, నానమ్మలు అనే మాట అయితే ఉన్నదున్నట్టు రాయండి.