ఎండలో పాప ఫొటోలు: కంటిగుంటలు నల్లగా, గౌను తెల్లగా పేలిపోతోంది. ఏం చెయ్యాలి?

పటమట_నాన్న:
నమస్కారమండీ. మా పాపకి నాలుగేళ్లు. సెలవు రోజుల్లో విజయవాడ రాజీవ్ గాంధీ పార్కులోనూ, కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్ దగ్గరా ఫొటోలు తీస్తుంటాను. తెల్లారగట్ల తీసుకెళ్లడం కుదరదు, పదిన్నర అవుతుంది. కానన్ 1500డి, 18-55 కిట్ లెన్సు, 50 ఎం.ఎం. ఎఫ్/1.8 ఉన్నాయి. ఆటోలో తీస్తే కళ్ల కింద, ముక్కు కింద నల్లటి నీడలు, కళ్లు చికిలించేస్తుంది, తెల్ల గౌనులో మడతలు కూడా కనపడవు. చెట్టు కిందకి తీసుకెళ్తే మొహం మీద మచ్చలు. కొత్తగా ఏమీ కొనకుండా మెరుగుపడే దారి ఉందా?

గవర్నర్‌పేట_స్టూడియో:
ముందు పాపని సూర్యుడికి ఎదురుగా నిలబెట్టడం మానెయ్యండి. వీపు సూర్యుడి వైపు ఉండాలి. అప్పుడు మొహమంతా ఒకే నీడలో ఉంటుంది, జుట్టు అంచున వెలుగు గీత వస్తుంది, కళ్లు హాయిగా తెరుస్తుంది. సగం సమస్య అక్కడే తీరుతుంది.

అలా తిప్పగానే ఆటోలో మొహం నల్లబడుతుంది, ఎందుకంటే కెమెరా వెనకున్న వెలుగుని కూడా కలిపి కొలుస్తుంది. మీ 1500డిలో స్పాట్ మీటరింగ్ (చిన్న చుక్కంత చోట వెలుగునే కొలిచేది) లేదు, పార్షియల్ ఉంది. ఫ్రేము మధ్యలో సుమారు పదో వంతునే అది కొలుస్తుంది. లెన్సు రంధ్రం మీరు ఎంచుకుని షట్టరు వేగం కెమెరాకి వదిలే ఏవీ మోడ్‌లో పెట్టి, ఆ మధ్య భాగం మొహం మీద ఉండగా స్టార్ (*) బటన్ నొక్కితే ఫొటోలో పడే వెలుగు కొలత, అంటే ఎక్స్‌పోజర్ లాక్ అవుతుంది. తర్వాత ఫ్రేము సర్దుకోండి. ఇదంతా చేసేలోపు పాప కదిలిపోతుందంటే మామూలు మీటరింగే ఉంచి ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా కొలిచినదానికన్నా వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగు) +1 పెట్టండి, చాలకపోతే +1.7 దాకా వెళ్లండి.

మాన్యువల్ అలవాటుంటే లెన్సు రంధ్రం ఎఫ్/4, షట్టరు 1/500 సెకను, సెన్సరు సున్నితత్వం ఐఎస్ఓ 200 దగ్గర మొదలుపెట్టండి. పరిగెడుతుంటే 1/1000, ఐఎస్ఓ 400. ఎఫ్/1.8 మీద మోజు పడకండి. మీటరున్నర దూరంలో 50 లెన్సుతో ఫోకస్ లోతు, అంటే స్పష్టంగా పడే మందం, ఆరు సెంటీమీటర్లే. పాప ఒక్క ఊపు ముందుకి ఊగితే కళ్లు మసక, చెవులు స్పష్టం.

పున్నమి ఘాట్ మాట. మన ఊరు కృష్ణకి ఉత్తరపు గట్టున ఉంది కాబట్టి మీరు గట్టు మెట్ల మీంచి నదికేసి చూస్తే దక్షిణం. చలికాలంలో పదిన్నరకి సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు. పాపని నదికి వీపు పెట్టి నిలబెడితే వెనక నీళ్లు, వెనకనుంచే ఎండ. ఎండ పడ్డ సిమెంటు మెట్లు మీ వైపు నుంచి పాప మొహానికి వెలుగు తిప్పి కొడతాయి, అదే మీ రిఫ్లెక్టరు. నీళ్ల వైపు మెట్టు మీద పెద్దవాళ్లెవరైనా తప్పకుండా ఉండాలి. లెన్సు ముందు గాజు మీద ఎండ పడితే ఫొటో మొత్తం పొగచూరినట్టు తేలిపోతుంది. లెన్సు ముందు తొడిగే ఎండ అడ్డు (హుడ్) లేకపోతే ఎడమ చెయ్యి అడ్డం పెట్టండి, చేతి నీడ గాజు మీద పడాలి.

ఇదే కిటుకు మే నెలలో నడవదు. మన అక్షాంశం 16.5 డిగ్రీలు. మే 5, ఆగస్టు 8 ప్రాంతాల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నిట్టనిలువుగా నడినెత్తిన ఉంటాడు. ఏ వైపు తిప్పినా కంటిగుంటల్లో నీడే. ఆ రోజుల్లో పదిన్నరకే ఎండ బాగా పైకెక్కేస్తుంది, నీడకి పోవాల్సిందే.

అరండల్‌పేట_లెన్స్:
పై మాటలతో ఏకీభవిస్తాను, కానీ నాలుగేళ్ల పిల్లకి ఏ కాలంలోనైనా నా ఓటు నీడకే. ఎండకి విసుగెత్తిన పిల్ల మొహంలో ఏ సెట్టింగూ నవ్వు తేలేదు.

మచ్చలు ఆకుల సందుల్లోంచి పడే ఎండవి. పల్చటి చెట్టు వద్దు. గుబురుగా ఉన్న కానుగో, మర్రో చూసుకోండి, లేదా గోడ నీడ ఇంకా మంచిది. నీడలో మధ్యకి తీసుకెళ్లకండి. నీడ అంచు నుంచి రెండు మూడు అడుగులు లోపల, మొహం బయటికి, వెలుతురున్న వైపుకి. ముందు మీ అరచెయ్యి అక్కడ పెట్టి చూడండి, ఎండ మచ్చ ఉంటే చేతి మీదే దొరికిపోతుంది. తర్వాత పాప కళ్లలో చూడండి: నల్లగుడ్డులో వెలుగు చుక్క కనపడుతోందా? లేకపోతే ఇంకో అడుగు బయటికి జరపండి.

నీడలో రంగు పాడవుతుంది, అది చాలామంది పట్టించుకోరు. కింద గడ్డి, పైన ఆకులు ఉంటే చర్మం పచ్చబడుతుంది. ఎర్ర పట్టులంగా మీద ఎండ పడితే గడ్డం కింద ఎర్రటి ఛాయ. వైట్ బ్యాలెన్స్ (రంగు సరిచేసే సెట్టింగు) 'షేడ్' పెడితే నీలం తగ్గుతుంది గానీ ఆకుపచ్చ పోదు. మట్టి నేలో సిమెంటు నేలో ఉన్నచోట నిలబెట్టి, రంగు తర్వాత సరిచేసుకోవడానికి రా (ముడి) ఫైలులో తియ్యండి.

కొనకుండా రిఫ్లెక్టరు కావాలంటే రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు తెల్ల థర్మాకోల్ షీటు చాలు. మూడు నాలుగడుగుల దూరంలో, ఛాతీ ఎత్తున, పక్కనుంచి పట్టాలి. నేలమీద పెడితే వెలుగు కిందనుంచి వచ్చి మొహం భయంకరంగా ఉంటుంది. వెండి రంగు షీటు చిన్నపిల్లల కళ్లకి కొడుతుంది, వద్దు.

తెల్ల గౌను: ఫొటో చూసేటప్పుడు డిస్ప్ బటన్ నొక్కితే పేలిపోయిన చోట్లు మిణుకుమిణుకుమంటాయి. భుజం అంచున కాస్త మిణుకు ఉన్నా ఫర్వాలేదు. గుండెల మీద మిణుకుతుంటే వెలుగు మూడో వంతు స్టాపు (కాంపెన్సేషన్ గీతల్లో ఒక గీత) తగ్గించండి. అసలు లేత గులాబీనో, లేత పసుపో వేస్తే ఈ గొడవే ఉండదు.

పటమట_నాన్న:
చాలా ఉపయోగమండీ ఇద్దరికీ. ఒక్కటి అడగాలి. వీపు ఎండకి పెట్టి మొహానికి ఎక్స్‌పోజ్ చేస్తే నదీ ఆకాశమూ తెల్లగా అయిపోవూ? ప్రకాశం బ్యారేజీ కూడా కనపడాలంటే?

గవర్నర్‌పేట_స్టూడియో:
అవుతాయి. రెండూ కావాలంటే ఫ్లాషే తేలిక దారి, కెమెరా మీదున్న చిన్నదైనా సరే. మీ కెమెరాలో ఫ్లాష్ లేస్తే షట్టరు 1/200 దాటదు. ఐఎస్ఓ 100, 1/200 అంటే ఎండలో సుమారు ఎఫ్/11. ఎఫ్/11 దగ్గర ఆ చిన్న ఫ్లాషు మీటరు మించి పెద్దగా చేరదు. అందుకని కిట్ లెన్సు పెట్టుకుని, పాపకి మీటరు దూరంలో కూర్చుని, బ్యారేజీ వెనక వచ్చేలా తియ్యండి. 35 దగ్గర జూమ్ సరిపోతుంది. ఫ్లాష్ కాంపెన్సేషన్ -1 పెడితే వెలుగు అతికించినట్టు ఉండదు. లెన్సు హుడ్ తీసెయ్యండి, లేకపోతే ఫొటో కింది భాగంలో దాని నీడ పడుతుంది. నెలల పిల్లలకి మాత్రం ఇంత దగ్గరనుంచి ఫ్లాష్ వద్దు.

మంగళగిరి_మొబైల్:
ఫోనుతో తీసేవాళ్లకి రెండు ముక్కలు. మొహం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు లాక్ అవుతాయి. తర్వాత పక్కనొచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం పైకి జరపండి. దగ్గరికెళ్లి వైడ్‌లో తీస్తే ముక్కు పెద్దదవుతుంది, రెండింతల (2x) లెన్సు పెట్టుకుని వెనక్కి జరగండి. ఎదురెండలో పోర్ట్రెయిట్ మోడ్ (వెనకదంతా మసక చేసేది) వెలుగు పడ్డ వెంట్రుకల్ని కత్తిరించేస్తుంది, మామూలు మోడ్ నయం.

ఇంకోటి, తలకి నూనె రాసి పౌడరు అద్ది తీసుకొస్తారు. నూనె కారిన నుదురు ఎండలో అద్దంలా మెరుస్తుంది, పౌడరు తెల్లగా తేలిపోతుంది. పొడి తుండుతో మొహం అద్ది తియ్యండి. అదే తుండుతో ఫోను లెన్సు తుడవకండి, పౌడరు అంటుకుంటుంది.