సా.శ.కీ శా.శ.కీ మధ్య 78 ఏళ్లు

"క్రీ.శ. అని రాయాలా, సా.శ. అని రాయాలా?" అని ఇక్కడ ఒకరు అడిగారు. క్రీ.శ. అంటే క్రీస్తు శకం, సా.శ. అంటే సామాన్య శకం. పేర్లే వేరు, లెక్క ఒకటే. నేనైతే క్రీ.శ. అనే రాస్తాను. ఎందుకో చెప్తాను.

గోదావరి పక్క ఒక గుడి గురించి వేస్తున్న చిన్న పుస్తకానికి మొన్న ప్రూఫులు దిద్దాను. అందులో రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం "సా.శ. 944" అని ఉంది. గుండె గుభేలుమంది. ఆయన గద్దెనెక్కింది 1022లో కదా! రాతప్రతి తీసి చూస్తే అక్కడున్నది "శా.శ. 944", అంటే క్రీ.శ. 78లో మొదలైన శాలివాహన శకం. టైపు చేసేటప్పుడు శా కాస్తా సా అయిపోయింది. వాళ్లననీ లాభం లేదు, మనలో చాలామంది నోట్లో శ, స ఎప్పుడో కలిసిపోయాయి.

అసలు శాసనాల్లో ఈ సంవత్సరాలు ఎంత ముచ్చటగా ఉంటాయో! కోరుమిల్లి శాసనం ఈ 944ని "వేదాంబురాశినిధి" అంటుంది. వేదాలు 4. అంబురాశి అంటే సముద్రం. మనకు ఏడు సముద్రాలని అలవాటు గానీ ఈ లెక్కలో 4. నిధులు 9. చివరి నుంచి వెనక్కి చదివితే 944, దానికి 78 కలిపితే 1022. అంత పదిలంగా మాటల్లో పొదిగిన సంవత్సరం మన పొడి అక్షరాల దగ్గర తప్పిపోతుంటే బాధగా ఉంటుంది.

"శకం" అన్న మాట కూడా శకులనే పాతకాలపు జాతి పేరు నుంచి వచ్చిందే. మొదట్లో 78లో మొదలైన ఆ ఒక్క లెక్కకే ఆ పేరు. తర్వాత ఏ కాలగణనకైనా వాడుకై, క్రీస్తు శకం అనే మాట పుట్టింది. ఇప్పుడు పెద్ద నటుడెవరైనా పోతే పేపర్లో "ఒక శకం ముగిసింది" అని వేస్తున్నారు.

ఇంకొక్క మాట. క్రీ.శ. అంటే "క్రీస్తు చనిపోయాక" అని పిల్లలకు చెప్పకండి. రోములో డయొనీసియస్ అనే సన్యాసి 525లో ఈస్టర్ పట్టికలు వేస్తూ, క్రీస్తు అవతరించినప్పటి నుంచి ఏళ్లు లెక్కపెట్టాడు. ఆ లెక్కలో సున్నా సంవత్సరం లేదు. క్రీ.పూ. 1 అయిపోగానే క్రీ.శ. 1.

సామాన్య శకం అనేవాళ్లతో నాకు పేచీ లేదు. పొడి అక్షరాల్లో కాకుండా పూర్తిగా రాస్తే చాలు. శాసనం సంగతి వచ్చినచోట మాత్రం రెండు లెక్కలూ ఇవ్వండి. మా పుస్తకంలో ఇప్పుడు అలాగే దిద్దాం: శక సంవత్సరం 944, అంటే క్రీ.శ. 1022.